దారి చెప్పే ఫిర్దౌస్

“కుడి చెయ్యి దిక్కు మెట్లు కనిపిస్తున్నయా? అవి ఎక్కకు. ఇంకొంచెం ముందుకు పో,” అంది ఫిర్దౌస్.

కొత్త చెప్పులో కాలు పెట్టి చూసుకుంటున్న ముసలామె తలెత్తింది. చాంద్ పాషా చెప్పుల దుకాణంలో మెట్లనేవే లేవు.

“ఏడికి పోవాలె బిడ్డా? చెప్పులు కొందామని వస్తి నేను,” అంది.

“నీకు కాదవ్వా.” ఫిర్దౌస్ చెవి దగ్గరి ఓణీ తొలగించి ఇయర్‌ఫోన్ చూపించింది. “నా దోస్తు బెర్లిన్‌ల ఉంది. తొవ్వ చెప్తున్న. అది బిగువైతున్నదా? ఇంకో సైజు తియ్యాల్నా?”

“బెర్లిన్ అంటే యాడ?”

“జర్మనీల.”

ముసలామె చెప్పు విప్పి చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. “గంత దూరం ఉన్న పిల్లకు ఈడికెల్లి నువ్వు తొవ్వ చెప్తున్నవా? ఆడ చెప్పేటోళ్లు ఎవ్వరూ లేరా?”

ఫిర్దౌస్ ఇయర్‌ఫోన్‌ను చెవికి అదుముకుంది. చెవిలో యశస్వి ఎగపోస్తూ అడుగుతోంది. “ముందుకొచ్చిన. ఇప్పుడెటు? జల్ది చెప్పవే, బండి వస్తున్నది.”

“పసుపు రంగుదా ఎర్రదా?”

“పసుపుది.”

“ఎక్కు.”

మధ్యాహ్నం పూట చాంద్ పాషా నమాజుకూ భోజనానికీ పోతే బాన్సువాడ బస్టాండ్ ఎదురుగా ఉన్న ఆ దుకాణంలో కూతురు ఫిర్దౌస్ కూర్చోవడం చదువు రోజుల నుంచీ ఉన్నదే. ఈ మధ్య ఆయన పోకముందే వస్తోంది, వచ్చాక కూడా లేవడం లేదు. బాన్సువాడలో మధ్యాహ్నమైతే బెర్లిన్‌లో పొద్దున. యశస్వి గది దాటి బయట కాలు పెట్టేది అప్పుడే. ఇంట్లో అమ్మీ ముందు గంటలకొద్దీ ఫోన్ పట్టుకుంటే మాటలు పడాలి. దుకాణంలో అయితే వచ్చే పోయే జనం మధ్య ఎవరూ పట్టించుకోరు.

యశస్విది వర్ని దగ్గర ఊరు. తాతల కాలంలో కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో వాళ్ళ నాన్నతో “ఎక్కడికెళ్తున్నావు” అనే పిల్ల, ఫిర్దౌస్ ఎదురైతే చాలు “ఏడికి పోతున్నవే” అంటుంది. ఇద్దరూ రుద్రూర్‌లో ఫుడ్ టెక్నాలజీ చదివారు. హాస్టల్లో ఒకటే గది.

బెర్లిన్ మాట మొదట ఎత్తింది ఫిర్దౌస్. పై చదువు ఇంగ్లీషులోనే చెబుతారని, పిండి పులియడం గురించి, ధాన్యం గురించి అక్కడ పెద్ద పరిశోధన ఉందని ఎక్కడో చదివింది. ఆ రోజు నుంచి పిచ్చి పట్టినట్టయింది. తోటి పిల్లలు ఫోన్‌లో సినిమాలు చూస్తుంటే ఆమె బెర్లిన్ మ్యాప్ చూసేది. వేలితో పెద్దది చేసి, చిన్నది చేసి, వీధి వీధీ తిరిగేది. పసుపు బండ్లు ఎటు పోతాయో, ఎర్ర బండ్లు ఎటు పోతాయో, నగరం చుట్టూ గుండ్రంగా తిరిగే రింగు బండి ఏ స్టేషన్‌లో ఆగుతుందో కంఠతా వచ్చేసింది. పక్క మంచం మీద యశస్వి వింటూ వింటూ నిద్రపోయేది. అప్లికేషన్ పెట్టేటప్పుడు మాత్రం, “నువ్వు ఏడికి పోతె నేనూ ఆడికే. నాకోటి నింపు,” అంది.

సీట్లు ఇద్దరికీ వచ్చాయి. వీసా యశస్వికి వచ్చింది. ఫిర్దౌస్‌కు రాలేదు.

ఆ వార్త తెలిసిన రోజు యశస్వి వర్ని నుంచి నేరుగా దుకాణానికి వచ్చి, స్టూలు మీద కూలబడి, “నేను పోను,” అంది.

“నువ్వు పోకుంటే నాకేమన్న వీసా వస్తదా?” అంది ఫిర్దౌస్. కోపం ఎవరి మీదో తనకే తెలియలేదు. “సప్పుడు చెయ్యకుండ పో. నడిచేది నువ్వు, తొవ్వ చెప్పేది నేను. నీకేం ఫికర్ లేదు.”

అలా యశస్వి ఒక్కతే విమానం ఎక్కింది.

అన్నట్టుగానే ఫిర్దౌస్ దారి చెప్పింది. విమానాశ్రయంలో సామాన్ల బండి ఎక్కడుంటుందో, కింది అంతస్తులో రైలు ఎట్లా పట్టుకోవాలో, ఎక్కడ దిగాలో అన్నీ చెప్పింది. హాస్టల్ చేరిన రోజే యశస్వి గది బయటికొచ్చి తలుపు లాగింది. తలుపుకు దానంతటదే తాళం పడిపోయింది. తాళంచెవి లోపల. కాళ్ళకు ఇంటి చెప్పులు, ఒంటి మీద పల్చటి చుడీదారు. ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

“ఏడ్వకు. కింద బిల్డింగు చూసుకునే మనిషి ఉంటడు. తలుపు మీద బోర్డు ఉంటది, చూడు.”

“జర్మన్ల ఉన్నయే అన్నీ!”

“వీడియో పెట్టు. నేను చదువుత.”

బాన్సువాడ దుకాణంలో కూర్చుని, మ్యాప్ చూస్తూ పట్టుకున్న నాలుగు జర్మన్ మాటలతో బెర్లిన్ హాస్టల్ గోడల మీద బోర్డులు ఒక్కొక్కటే చదివింది ఫిర్దౌస్. మూడో తలుపు దగ్గర ఆ మనిషి దొరికాడు. అతను తలుపు తెరిచిపెట్టాక యశస్వి ఫోన్‌లోనే చేతులెత్తి మొక్కింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు ఫిర్దౌస్‌కు ఒళ్ళు తేలికై, తానే అక్కడ ఉన్నట్టనిపించింది.

ఆదివారం వచ్చింది. ఆదివారం అక్కడ దుకాణాలన్నీ మూసేస్తారని ఫిర్దౌస్‌కు తెలుసు. చెప్పడం మరిచిపోయింది. యశస్వి గదిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆకలితో వీధి చివరిదాకా నడిచి, మూసిన అద్దాల తలుపుల ముందు నిలబడి ఫోటో పంపింది. దాని కింద ఒక్క మాటా రాయలేదు. ఆ రోజు ఫిర్దౌస్ అమ్మీ పెట్టిన బగారన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది.

“ఏమైంది నీకు?” అంది తల్లి షమ్సున్నీసా.

“యశస్వి ఉపాసం ఉన్నది అమ్మీ. నేను చెప్పక.”

“ఆ పిల్ల ఆకలికి కూడా నువ్వే జిమ్మేదారా?” అని తల్లి ఆమె ముఖంలోకి చూసింది. “పోయింది ఆమెనా నువ్వా?”

పగళ్ళు తిరుగుళ్ళలోనే గడిచిపోయేవి. తరగతులు మొదలవడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి కాబట్టి యశస్వి నగరం చూడాలి. చూడాల్సినవి ఫిర్దౌస్ ఎప్పుడో ఎంచి పెట్టుకుంది. ఆకాశంలోకి సూదిలా పొడుచుకుని ఉన్న టీవీ టవర్, నది మధ్యలో మ్యూజియంలున్న దీవి, కూల్చేయగా మిగిలిన బెర్లిన్ గోడ ముక్క మీద రంగుల బొమ్మలు. యశస్వి వాటి ముందుకు పోయి, “వచ్చిన. చూసిన. ఇగ ఎటు?” అనేది.

“ఎట్లున్నదే?”

“పెద్దగ ఉన్నది.”

“గంతేనా? గాలి ఎట్లున్నది? నది దగ్గర వాసన ఏమన్న వస్తదా?”

“చలిగున్నది. ముక్కు కారుతున్నది. వాసన ఏం తెలుస్తది?”

ఫిర్దౌస్‌కు ఒళ్ళు మండేది. తాను ఉండి ఉంటే ప్రతి రాయి దగ్గరా ఆగేది. ఈమె మాత్రం పని ముగించినట్టు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతోంది. ఎప్పుడైనా యశస్వి తనంతట తాను చెప్పే మాటలు ఫిర్దౌస్‌కు అవసరం లేనివి. బండ్లలో కుక్కలు కూడా మనుషుల పక్కన కూర్చుని ప్రయాణం చేస్తాయంట. రోడ్డు మీద ఒక్క బండి లేకున్నా ఎర్ర లైటు ఉంటే జనం అట్లాగే నిలబడతారంట. అందరి మధ్యలో తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినబడుతుందంట.

“ఎవ్వరూ ఎవ్వర్నీ చూడరే,” అంది ఒకసారి. “బస్టాండుల పొద్దుందాక కూసున్నా, ఎవరమ్మా నువ్వు, ఎవరి బిడ్డవు అని అడగరు.”

“మంచిదే గదా. ఈడ నన్ను ఊరంత అడుగుతున్నరు, నీ వీసా ఏమాయె అని.”

అది నిజం. చెప్పులు కొనడానికి వచ్చినవాళ్ళు, కొనకుండా ఊరికే వచ్చినవాళ్ళు, మసీదు పక్క వీధి ఆడవాళ్ళు, అందరూ అడిగారు. వీసాకు మళ్ళీ పెడుతున్నావా అని తండ్రి కూడా మెల్లగా రెండుసార్లు అడిగాడు. “చూస్త,” అని తప్పించుకుంది. మళ్ళీ పెడితే మళ్ళీ రాదేమో. ఒకసారి రాకపోతే అదృష్టం అనుకోవచ్చు. రెండోసారి రాకపోతే ఏమనుకోవాలో ఆమెకు తెలియదు.

ఎక్కడా కాలు నిలవడం లేదు. ఇంట్లో ఉంటే దుకాణానికి పోవాలనిపిస్తుంది. దుకాణంలో ఉంటే బయట ఆగి ఉన్న ప్రతి బస్సు బోర్డూ చదవాలనిపిస్తుంది. బోధన్, నిజామాబాద్, పిట్లం, దెగ్లూర్. ఒకాయనకు రెండూ కుడి కాలి చెప్పులే కట్టి ఇచ్చి పంపింది. ఆయన సాయంత్రం తిరిగొచ్చి, “నాకు ఎడమ కాలు గూడ ఉన్నదమ్మా,” అంటే అందరూ నవ్వారు, ఆమె తప్ప.

తరగతులు మొదలయ్యాయి. యశస్వి ఫోన్లు తగ్గాయి. “క్లాసులో ఉన్న,” “తర్వాత చేస్త,” అని రెండు ముక్కలు రాసేది. ఒకరోజు అసలు ఏమీ లేదు. మరునాడు మధ్యాహ్నం ఒక ఫోటో వచ్చింది.

ఫిర్దౌస్ దాన్ని చూసిన వెంటనే గుర్తుపట్టింది. టెంపెల్‌హోఫ్. ఒకప్పటి విమానాశ్రయం. ఇప్పుడు అక్కడ విమానాలు దిగవు. రన్‌వే మీద జనం సైకిళ్ళు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. మైళ్ళ కొద్దీ ఖాళీ, పైన ఆకాశం. హాస్టల్ గదిలో ఎన్నోసార్లు చెప్పుకుంది దాని గురించి. బెర్లిన్ చేరిన మొదటి రోజు ఇద్దరం అక్కడికే పోదాం, రన్‌వే ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుదాం అని. యశస్వి ఒక్కతే వెళ్ళకూడదని కావాలనే ఆ పేరు ఇన్నాళ్ళూ ఎత్తలేదు. ఫోటోలో యశస్వి పక్కన ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు, ఆమె భుజాల మీద చేతులు వేసి. ముగ్గురి జుట్టూ గాలికి ఒకవైపే ఎగురుతోంది.

కింద రాసి ఉంది: “నిన్న క్లాసోళ్ళతోటి పోయిన.”

ఫిర్దౌస్ ఫోన్ కౌంటర్ మీద బోర్లా పెట్టింది. తండ్రి ఇంకా రాలేదు. పక్క దుకాణం దేవిదాస్‌ను కాస్త చూడమని చెప్పి, రోడ్డు దాటి, కదులుతున్న బోధన్ బస్సు ఎక్కేసింది. ఎందుకు ఎక్కిందో తనకే తెలియదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం గనుక కండక్టర్ ఊరి పేరు అడిగి జీరో టికెట్ కొట్టిచ్చాడు, ఎందుకని అడగలేదు.

కోతల కాలం. రోడ్డుకు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు ఒక పక్కకు ఒదిగి పోతోంది. కోత మిషన్లు పొలాల్లో దుమ్ము రేపుతున్నాయి. కిటికీలోంచి పచ్చి గడ్డి వాసన, వేడి గాలి. ఆమె వాటిని చూడనే లేదు. గాలికి ఒకవైపు ఎగిరే జుట్లే కళ్ళ ముందు ఆడుతున్నాయి. రుద్రూర్‌లో దిగింది. కాలేజీ గేటు దాకా నడిచింది. తెల్ల కోట్లు వేసుకున్న జూనియర్ అమ్మాయిలు ల్యాబ్ నుంచి గుంపుగా వస్తూ, “అక్కా, మీరు ఇంక పోలేదా?” అని అరిచారు. ఫిర్దౌస్ చెయ్యి ఊపి, లోపలికి పోకుండానే వెనుదిరిగింది. తిరుగు బస్సు వచ్చేదాకా కూర్చోలేక స్టాపు ముందు ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగింది.

దుకాణం చేరేసరికి చాంద్ పాషా కౌంటర్‌లో కూర్చుని ఉన్నాడు. కూతురు మొహం చూసి తిట్టబోయి ఆగిపోయాడు. “ఏడికి పోయినవ్ బేటీ?” అన్నాడు.

“ఏడికి లేదు అబ్బా. పోయి వచ్చిన.”

ఆయన కౌంటర్‌లోంచి లేచి ఆమెకు చోటిచ్చాడు.

మరునాడు పొద్దున యశస్వి తండ్రి బసవపున్నయ్య దుకాణానికి వచ్చాడు. కోత మిషన్‌కు బెల్టు తెగిందని, కొత్తది తీసుకోవడానికి బాన్సువాడ వచ్చానని చెప్పాడు. బెల్టు భుజానికి తగిలించుకునే ఉన్నాడు. చాంద్ పాషా కుర్చీ వేసి చాయ్ చెప్పాడు. బసవపున్నయ్య చాయ్ తాగుతూ పంట సంగతులు మాట్లాడాడు, తేమ గురించి, లారీల గురించి. చాంద్ పాషా ఎవరికో చెప్పుల డబ్బా తీయడానికి వెనక గదిలోకి పోగానే గ్లాసు కింద పెట్టేసి ఫిర్దౌస్ వైపు వంగాడు.

“అమ్మా, నీకు నిజం తెలుసు. నాకు చెప్పు. మా యశస్వి ఎట్లా ఉంది?”

“మంచిగనే ఉన్నది అంకుల్. నిన్న ఫోటో కూడ పెట్టింది.”

“ఫోటో నాకూ పెట్టింది. నాతో మాట్లాడేటప్పుడు నవ్వుతానే ఉంది. వాళ్ళమ్మతో మాత్రం మొన్న సాయంత్రం ఏడ్చిందంట. నాకు చెప్పొద్దందంట.” ఆయన బెల్టును భుజం మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “నేను గట్టిగా వచ్చేయమంటే వచ్చేస్తుంది. చదువు ఇక్కడ లేదా ఏంటి? కానీ పంపించింది నువ్వు. అది నా మాట కంటే నీ మాట వింటుంది. అందుకే అడుగుతున్నా. రమ్మనమంటావా?”

ఫిర్దౌస్ గుండె ఒక్కసారి ఎగిసింది. అది జాలితో కాదు. వస్తుంది, యశస్వి వచ్చేస్తుంది, మళ్ళీ ఇద్దరమూ ఒకేచోట ఉంటాం, తాను లేని బెర్లిన్‌లో యశస్వి కూడా ఉండదు. ఒక్క క్షణమే. ఆ క్షణంలో తనకు కలిగింది సంతోషమని ఆమెకు తెలిసిపోయింది. మొహం వేడెక్కింది.

“నేను మాట్లాడుత అంకుల్,” అంది నేల వైపు చూస్తూ. “ఇయ్యాల్నే మాట్లాడుత. మీరు అప్పటిదాంక ఏమనకండి.”

ఆయన వెళ్ళాక మధ్యాహ్నం దాకా ఆగింది. ఆగడం అంటే కూర్చోవడం కాదు. అరల్లో డబ్బాలన్నీ కిందికి దించి, తుడిచి, మళ్ళీ పైకి పెట్టింది. నమాజుకు తండ్రి వెళ్ళగానే ఫోన్ చేసింది. చాలాసేపటికి యశస్వి ఎత్తింది. వెనక బండి చప్పుడు.

“ఏడున్నవ్?”

“క్లాసుకు పోతున్న.”

“ఆ చప్పుడు రింగు బండిది. మీ కాలేజీకి ఆ బండి పోదు.”

ఏదో స్టేషన్ పేరు మైకులో వినబడింది. తలుపులు మూసుకున్నాయి.

“నిజం చెప్పు,” అంది ఫిర్దౌస్.

“పొద్దటి నుంచి ఇదే బండిల ఉన్న,” అంది యశస్వి. గొంతు చాలా మామూలుగా ఉంది. అదే ఫిర్దౌస్‌ను భయపెట్టింది. “నిన్న గూడ. దిగకుంటె చుట్టు తిరిగి మల్ల ఎక్కిన కాడికే వస్తది గదా. గదిల కూసోలేకపోతున్న. క్లాసుల కూసోలేకపోతున్న. బండి కదులుతుంటే జెర మంచిగుంటది.”

“క్లాసుకు పోతలేవా?”

“మొదటి రెండు రోజులు పోయిన. ఆ సారు మాట్లాడేది సగం తెలుస్తలేదు. అందరూ చేతులెత్తి అడుగుతుంటరు. నువ్వైతే అడుగుతుండె. నాకు గదే అనిపిస్తది ఫిర్దౌస్. ఇది నీ కుర్చీ. నేనెక్కి కూసున్న.”

“టెంపెల్‌హోఫ్‌కు పోయినవ్ గదా మంచిగ? నవ్వుకుంట ఫోటో దిగినవ్.”

“క్లాసు పిల్లలు దయ తలచి తీస్కపోయిన్రు, ఒక్కదాన్నే ఉంటున్న అని. ఆడికి పోయినంక నువ్వు చెప్పిందే యాదికొచ్చింది. ఉరుకుదామనుకున్నం గదా. కాళ్ళు రాలె. ఏడుపొచ్చింది. గాలికి కండ్లల్ల నీళ్ళొస్తున్నయని చెప్పిన వాళ్ళకు.” ముక్కు చీదింది. “నువ్వు చెప్పిన తొవ్వల్నే నడుస్తున్న. నాదంటూ ఒక్క గల్లీ లేదు ఈ ఊర్ల. నేను వచ్చేస్త. నాయనకు నువ్వు చెప్పు.”

రమ్మంటే చాలు. నాలుక చివర ఉంది ఆ మాట. ఎదురుగా బస్టాండులో నిజామాబాద్ బస్సు హారన్ కొడుతోంది. చెప్పులు చూడటానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గడప దగ్గర నిలబడ్డారు. ఫిర్దౌస్ వాళ్ళను చేత్తో ఆగమంది.

“నా కుర్చీ నీకు ఎవ్వరూ ఇయ్యలేదే,” అంది. “నాది నాకు రాలె, నీది నీకొచ్చింది. రెండూ వేరు. నువ్వు నా కోసం పొయ్యి, నా కోసం చూసి, నా కోసం ఏడ్వకు. నాకొద్దది.”

“నువ్వే గదా నడిచేది నువ్వు, తొవ్వ చెప్పేది నేను అన్నవ్!”

“అన్న. తప్పన్న. ఇప్పుడు చెప్తలేను. వచ్చే స్టేషన్‌ల దిగు.”

“ఏ స్టేషనో గూడ తెల్వదు నాకు.”

“నాకు పేరు చెప్పకు. దిగు. దిగి నడువు.”

“ఎటు?”

“నాకెట్ల తెలుస్తది? నీ ముంగట ఏముందో నువ్వు చూడు.”

కాసేపు బండి చప్పుడే. తర్వాత తలుపులు తెరుచుకున్న శబ్దం, అడుగుల శబ్దం. ఫిర్దౌస్ వేళ్ళు అలవాటుగా మ్యాప్ వైపు పోయాయి. ఆమె స్క్రీన్ ఆర్పేసి ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. ఆడవాళ్ళు లోపలికొచ్చి తామే డబ్బాలు తీసి చూసుకుంటున్నారు.

“మెట్లు దిగిన,” అంది యశస్వి. “ఎడమ దిక్కు రోడ్డు ఉన్నది. కుడి దిక్కు గల్లీ. చెట్ల ఆకులన్నీ పసుపు పడ్డయ్. గల్లీలకు పోతున్న.”

“ఊఁ.”

“ఎవరిదో సైకిల్ పడిపోయున్నది. ఇండ్ల కింద చిన్న చిన్న దుకాణాలున్నయ్. ఒకాయన కుర్చీలు రిపేర్ చేస్తుండు. పిల్లలు లైన్‌ల పోతున్నరు, టీచరమ్మ తాడు పట్టుకున్నది...” నడక నెమ్మదించింది. “ఆగు.”

“ఏమైంది?”

“వాసన.”

ఫిర్దౌస్ నిటారుగా కూర్చుంది.

“రొట్టెల దుకాణమే ఇది. పులిసిన వాసన వస్తున్నది, బయటిదాంక. పుల్లగ, ఘాటుగ. యాదున్నదా? ల్యాబ్‌ల జొన్న పిండి కలిపి మూత పెట్టి మరిచిపోయి ఇంటికి పోతిమి. సెలవులైనంక వచ్చి తెరిస్తే మూత ఎగిరిపడ్డది. మేడమ్ ఇద్దరినీ బయట నిలబెట్టింది.”

“నీ మొహమంత పడ్డది,” అంది ఫిర్దౌస్. తనకు తెలియకుండానే నవ్వింది.

“గదే వాసన. అచ్చం గదే. లోపలికి పోవాల్నా?”

“నన్నడుగుతవేందే?”

తలుపుకున్న గంట మోగింది. లోపలి మాటలు ఫిర్దౌస్‌కు సగం సగం వినబడ్డాయి. యశస్వి వచ్చీరాని జర్మన్‌లో ఏదో అంటోంది, ఎవరో ఆడమనిషి నెమ్మదిగా తిరిగి చెబుతోంది, యశస్వి ఇంగ్లీషులోకి దూకుతోంది, మళ్ళీ జర్మన్‌లోకి వస్తోంది. ఎన్ని రోజులు పులియబెడతారని అడుగుతోంది. రై ధాన్యం పిండి ఒక్కటేనా, వేరేది కలుపుతారా అని అడుగుతోంది. క్లాసులో చెయ్యి ఎత్తని పిల్ల అడిగిందే మళ్ళీ అడుగుతోంది. దుకాణం ఆవిడ ఏదో రుచి చూపించినట్టుంది. కాసేపు నమిలే చప్పుడు.

“ఎట్లున్నది?” అంది ఫిర్దౌస్ ఆగలేక.

“పుల్లగున్నది. గట్టిగున్నది. నీకు నచ్చదు,” అంది యశస్వి నోటి నిండా పెట్టుకుని. “నాకు నచ్చింది.”

ఫోన్ పెట్టేశాక ఫిర్దౌస్ ఆ ఆడవాళ్ళకు చెప్పులు అమ్మింది. బాగానే బేరమాడింది కూడా. వాళ్ళు పోయాక బసవపున్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన పొలంలో ఉన్నట్టున్నాడు, మిషన్ మోతలో అరిచి మాట్లాడుతున్నాడు.

“రమ్మనకండి అంకుల్.”

“ఏడుస్తంది కదమ్మా!”

“ఏడ్వనియ్యండి. ఏడ్చుకుంటనే ఇయ్యాల తొవ్వ తెల్వని కాడ దిగి రొట్టె కొనుక్కొని తిన్నది. క్లాసుకు పోతలేదు, అది గూడ నిజమే. మీరు తిట్టకండి. సోమవారం పోతదో పోదో చూద్దం. పోకుంటే అప్పుడు నేనే చెప్త, రమ్మనండి అని.”

మిషన్ ఆగింది. “సరేనమ్మా,” అన్నాడు ఆయన. “సోమవారం దాకా చూస్తా.”

సోమవారం యశస్వి తరగతికి పోయింది. మొదటి గంట మధ్యలో లేచి బయటికొచ్చేసింది. రెండో గంటకు మళ్ళీ లోపలికి పోయి కూర్చుంది. ఆ సంగతి సాయంత్రం తానే చెప్పింది, గొప్పగా కాదు, తప్పు ఒప్పుకుంటున్నట్టు. మంగళవారం పూర్తిగా కూర్చుంది. ఆ రొట్టెల దుకాణం ఆవిడ శనివారాలు పొద్దున వచ్చి చూడమన్నదంట. నవంబరు చివరికి బసవపున్నయ్య రమ్మనే మాట మానేశాడు.

ఇద్దరి మధ్యా ఫోన్లు ఉన్నాయి గానీ దారి కోసం కాదు. ఆదివారాలు యశస్వి తాను తిరిగిన వీధుల గురించి చెబుతుంది. ఫిర్దౌస్ మ్యాప్‌లో వేలు పెట్టి వెతకబోతుంది, అప్పుడప్పుడు ఆపుకుంటుంది, అప్పుడప్పుడు ఆపుకోలేకపోతుంది. విన్న రోజు ఆమెకు నిద్ర సరిగా పట్టదు. ఈర్ష్య పోయిందని చెప్పడానికి లేదు. కొన్ని ఆదివారాలు ఫోన్ ఎత్తదు కూడా. మరునాడు తానే చేసి, “నిన్న మనసు మంచిగ లేకుండె,” అంటుంది. యశస్వి ఎందుకని అడగదు.

బసవపున్నయ్యతో మాట్లాడిన ఆ సాయంత్రమే ఫిర్దౌస్ దుకాణం షట్టర్ దించుతున్న తండ్రితో, “అబ్బా, మళ్ళ పెడుత,” అంది.

చాంద్ పాషా షట్టర్ సగంలో ఆపాడు. “మళ్ళ రాకపోతే?”

“రాకపోతే ఏడుస్త. ఇప్పుడు గూడ ఏడుస్తనే ఉన్న గదా, మీకు కనిపించకుండ.”

ఆయన కూతురి వైపు చూసి, “కనిపిస్తలేదని ఎవరు చెప్పిన్రు?” అని షట్టర్ పూర్తిగా దించి తాళం వేశాడు.

రుద్రూర్ మేడమ్ కొత్తగా సిఫారసు రాసిచ్చింది. యూనివర్సిటీ వచ్చే సెమిస్టర్‌కు సీటు నిలిపి ఉంచింది. వీసా ఇంటర్వ్యూకు తారీఖు సంక్రాంతి సెలవులు అయ్యాక దొరికింది. ఆ రోజు తెల్లవారుజామునే తండ్రీ కూతుళ్ళు హైదరాబాద్ బస్సెక్కారు. షమ్సున్నీసా బస్టాండు దాకా వచ్చి, కిటికీలోంచి టిఫిన్ డబ్బా అందించి, అడిగినవాటికే జవాబు చెప్పమని, ఎక్కువ మాట్లాడొద్దని పదిసార్లు చెప్పింది. యశస్వి పొద్దున్నే మెసేజ్ పెట్టింది. అందులో ధైర్యం చెప్పే మాటలేమీ లేవు. బెర్లిన్‌లో మంచు పడుతోందని, బూట్లు తడిసి కాళ్ళు జిల్లుమంటున్నాయని, ముందురోజు పులియబెట్టిన పిండి చలికి పొంగనే లేదని రాసింది.

బస్సు కదలగానే చాంద్ పాషా నిద్రలోకి జారాడు. ఫిర్దౌస్ కూర్చోలేకపోయింది. ఫైలు ఒళ్ళో ఒకసారి, పక్కన ఒకసారి పెట్టుకుంది. కాగితాలు విప్పి చూసి మళ్ళీ మూసింది. చివరికి తండ్రి భుజం తట్టింది.

“అబ్బా, జరుగు. కిటికీ దిక్కు నేను కూసుంట. బయట ఏమున్నదో చూడాలె.”